బోర్డు లేని హాస్టల్

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. ట్యాంకరు నీళ్ల గొడవో, లిఫ్టు గొడవో అయి ఉంటుందని మోకాళ్ల నొప్పులతోనే దిగి వెళ్లాను. తీరా చూస్తే సంగతి వేరు. నారాయణగూడలో మా సందు చివర చాన్నాళ్లుగా ఖాళీగా ఉన్న పాత ఇంటిని, మొగుళ్ల దెబ్బలకు తాళలేక బయటికొచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయంగా ఎవరో కిరాయికి తీసుకుంటున్నారట, దాన్ని మనమంతా ఒక్కటై ఆపాలట. మా సెక్రటరీగారు చెడ్డమనిషేమీ కాదు, నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిపెట్టిన మనిషే. ఆయన గొంతు తగ్గించి, అలాంటివాళ్లకు సాయం చేయొద్దని తాను అనడం లేదని, కాకపోతే ఇది ఫ్యామిలీలుండే ఏరియా కదా అని అన్నారు. ఫ్యామిలీలుండే ఏరియా! ఆ ఆడవాళ్లు ఎక్కడినుంచి వస్తున్నారనుకున్నారో మరి, అడవుల్లోంచా? ఫ్యామిలీల్లోంచే కదా నాయనా వచ్చేది!

అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే నాలుగు అనేసి పైకొచ్చి కాఫీ కలుపుకున్నానే గాని అది చల్లారి మీగడ కట్టేదాకా తాగలేదు. నేనూ ఒకప్పుడు అలాంటి ఆశ్రయం నడిపినదాన్నని వాళ్లెవరికీ తెలియదు, తెలియకుండా ఉండడమే అప్పటి పద్ధతి కాబట్టి ఇన్నేళ్లు చెప్పుకోనూ లేదు. మీరంతా నా ఈడువాళ్లే కాబట్టి, అర్థం చేసుకుంటారన్న నమ్మకంతో మీతో చెప్పుకుంటున్నాను.

మా నాన్నగారు రాష్ట్రం కలిసిన కొత్తలో ఆఫీసుతోపాటు గుంటూరు వైపునుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. బర్కత్‌పురలో ఒక బడి ఆఫీసులో చాలాకాలం పనిచేసి, మావారు పోయాక ఇంట్లో ఊపిరాడక, తెలిసినావిడ అడిగితే అశోక్‌నగర్‌లో ఒక చిన్న సంస్థ నడిపే ఆశ్రయానికి మేనేజరుగా కుదిరాను. మేనేజరంటే పెద్ద హోదా అనుకునేరు, బియ్యం ఏరడం దగ్గరనుంచి లాయరు చుట్టూ తిరగడం దాకా అన్నీ నేనే. తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. ఉద్యోగాల నోటిఫికేషన్లు వస్తాయని జిల్లాలనుంచి పిల్లలు తండోపతండాలుగా దిగుతుంటే అశోక్‌నగర్‌లో ప్రతి రెండో ఇల్లూ హాస్టలయింది. ఏ మేడమీద చూసినా ఆరేసిన చున్నీలే, ఏ అరుగు మీద చూసినా కరెంట్ అఫైర్సే. మా సంస్థవాళ్లు బుద్ధిమంతులు, అంత గుంపులో ఇంకో హాస్టలంటే ఎవరూ అనుమానించరని మా ఇంటిని కూడా లేడీస్ హాస్టలని చెప్పి తీసుకున్నారు. ఓనరుకు మాత్రం అసలు సంగతి తెలుసు. బోర్డు పెట్టలేదు, పెడితే ఎవరో ఒకరు సీటు కోసం రావడం ఖాయం.

మా ఆడవాళ్లు కూరగాయలకు వెళ్లినా, మందులకు వెళ్లినా చంకలో ఒక లావుపాటి జనరల్ స్టడీస్ పుస్తకం ఉండాలన్నది నేను పెట్టిన నియమం. యాభై దాటిన ఒకావిడ కూడా అలాగే పుస్తకం పట్టుకుని పాల ప్యాకెట్ కోసం వెళ్తే, ఈ వయసులో ఏం పరీక్ష రాస్తావమ్మా, ఏజ్ లిమిట్ దాటలేదా అని కిరాణా కొట్టాయన అడిగాడట. మినహాయింపు ఉందిలే అని ఆవిడ గంభీరంగా చెప్పి వచ్చింది. ఆ రోజు వంటింట్లో మేం నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. దెబ్బలు తిన్నవాళ్లు ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటారనుకుంటారు జనం, అదేం కాదు, భయం లేని చోట కూర్చోబెడితే వాళ్లంత నవ్వేవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

అలా ఉన్న రోజుల్లోనే ఒకమ్మాయి తన అయిదేళ్ల కూతుర్ని తీసుకుని మా దగ్గరికి వచ్చింది. మొగుడు గవర్నమెంట్ బడిలో టీచరు. ఊరంతా సారు, సారు అని దణ్ణాలు పెట్టేవాళ్లట. ఆ సారే ఆమె కుడిచెయ్యి మణికట్టు విరగ్గొట్టాడు, అది సరిగా అతుక్కోక వంకర తిరిగింది. తనను పట్టుకుపోతాడని ఆమెకంత భయం లేదు, పిల్లను లాక్కుపోతాడనే భయం. ఎందుకంటే ఆయనకు జీతముంది, ఇల్లుంది, పేరుంది, ఆమెకు కట్టుబట్టలు తప్ప ఏమీ లేవు. తండ్రి దగ్గరుంటేనే పిల్లకు మంచిదని ఎవరైనా అనేస్తారేమోనని నిద్రలో కూడా పిల్ల గౌను కొసను గుప్పిట్లో పట్టుకుని పడుకునేది. కేసు వేశాం, అది తేలేదాకా వాళ్లిద్దర్నీ దాచి ఉంచడం నా పని.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. ఇక్కడే మా తెలివి తెల్లారింది. హాస్టలని పేరు పెట్టుకున్నాం గాని, ఆడపిల్ల ఏ ఊళ్లో ఉన్నా బతుకమ్మకు అమ్మగారింటికి పోతుందన్నది మాకెవరికీ తట్టలేదు. సద్దుల బతుకమ్మ దగ్గరపడేసరికి బ్యాగులు సర్దుకుని పిల్లలంతా బస్సులెక్కారు, సందులో హాస్టళ్లన్నీ బోసిపోయాయి, చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర కూడా సందడి లేదు. మా ఇంట్లో మాత్రం కుక్కరు కూతలూ, పిల్లల అరుపులూ యథాప్రకారం. పోవడానికి మావాళ్లకు అమ్మగారిల్లెక్కడిది? సగంమందిని పో, నీ మొగుడి దగ్గరికే పో అని తిప్పి పంపింది ఆ అమ్మగారిళ్లేగా!

ఎదురింటావిడ ఇదంతా చూసింది. మనసు మంచిదే, అందులో అబద్ధం లేదు. పాపం పరీక్షల కోసం పండగ కూడా మానుకున్నారని జాలిపడి, కుంకుమ భరిణె పట్టుకుని స్వయంగా మా గేటు దగ్గరికి వచ్చి అందరికీ బొట్టు పెట్టి ఆటకు పిలిచింది. పండగల్లో బయటికి పంపకూడదని నాకు తెలుసు. కానీ బొట్టు పెట్టి పిలిచాక ఆ ముఖాలు చూడాలి మీరు! ఆ టీచరు పెళ్లాం నల్లకుంట మార్కెట్ నుంచి తంగేడు, గునుగు, బంతి తెప్పించుకుని, ఆ వంకర చేత్తోనే ఒక్కో వరసా పేర్చి, మోకాలెత్తు బతుకమ్మను నిలబెట్టింది. వెళ్లి ఆడి రమ్మన్నాను. దీనికి నన్ను తర్వాత చాలామంది తప్పుపట్టారు, ఇప్పటికీ నేను తప్పని ఒప్పుకోను. ఒక ఆడది పండగపూట నలుగురితో కలిసి చప్పట్లు కొట్టడం తప్పయితే, ఆ తప్పు రాసుకోవలసిన పద్దు నాది కాదు.

ఆమె గుండ్రంగా తిరుగుతూ అందరికన్నా గొంతెత్తి పాడుతుంటే, కూతురు వెనకాలే కొంగు పట్టుకుని గెంతుతుంటే, నేను అరుగుమీద కూర్చుని కళ్లనిండా చూశాను. ఎదురింటావిడ కూతురు కూడా చూసింది, ఫోన్లో వీడియో తీసింది, మా గల్లీ బతుకమ్మ అని పేరు పెట్టి నలుగురికీ పంపింది. ఆ పిల్ల మటుకు ఏం చేస్తుంది, ఇంటింటా చేసే పనే. ఆ వీడియో చేతులు మారి మారి ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఆ సారు ఫోనులోకి చేరింది. వెనకాల కనబడే హాస్టల్ బోర్డులే ఏ సందో చెప్పేశాయి.

దసరా సెలవులు అయిపోకముందే ఒక ఉదయం కారులో దిగాడు. తెల్లచొక్కా, చేతిలో ఆపిల్ పళ్ల సంచి. వెంట తల్లి, ఊరి పెద్దమనిషి ఒకాయన. గేటు తీయకపోతే గట్టిగా అరుస్తాడనుకున్నాను, అరవలేదు. సందులో నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ నమస్కారం పెట్టి, తాను ఫలానా బడిలో సారునని, భార్యకు కొన్నాళ్లుగా మతి బాగాలేదని, ఈ మేడమ్ దాచిపెట్టిందని, తన బిడ్డ కోసం పరేషాన్ అవుతున్నానని మెత్తగా చెప్పుకున్నాడు. క్షణాల్లో సందంతా ఆయన వైపు తిరిగింది. చదువుకున్నవాడు, కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు, పళ్లు తెచ్చాడు, ఇంకేం కావాలి జనానికి? ఎదురింటావిడ నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఇన్నాళ్లు హాస్టలని చెప్పి ఇలాంటివాళ్లను పెట్టారా మా ముందర అని నిలదీసింది. నిన్నగాక మొన్న బొట్టు పెట్టిన చెయ్యే అది.

నేనే స్టేషన్‌కు ఫోన్ చేశాను. వచ్చిన ఎస్సై కుర్రవాడు, ఆయన కూడా ఆ మొగుణ్ని సారూ అనడం మొదలుపెట్టాడు. పెద్దమనుషులు వచ్చారు కదా, కూర్చుని మాట్లాడుకోండి, ఆమె రానంటే బలవంతం లేదు గాని బిడ్డ సంగతి తండ్రిగా ఆయనకూ హక్కుంది కదా అన్నాడు. లోపల ఆ తల్లి పిల్ల గౌను కొసను గుప్పిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది. మగవాళ్లెవర్నీ గేటు దాటనివ్వని ఇంట్లో మొదటిసారి వరండాలో చాప వేయించాను. అందరూ మెట్ల దగ్గర చెప్పులు విడిచి కూర్చున్నారు, సందులో సగంమంది గేటు పట్టుకుని నిలబడ్డారు. పెద్దమనిషి గొంతు సవరించుకుని, మొగుడన్నాక కోపమొస్తే ఒక దెబ్బ కొట్టడా, దానికే సంసారం వీధిన పెట్టుకుంటారా అని మొదలుపెట్టాడు. ఒళ్లు మండిపోయింది గాని పళ్లు బిగబట్టుకున్నాను, ఒక్కమాట జారితే పిల్ల చేజారుతుందేమోనని.

అప్పుడు తల్లి కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. పిల్ల తండ్రిని చూసింది. ఏడవలేదు, దగ్గరికీ పోలేదు. తల్లి చెయ్యి విడిపించుకుని తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుని, అక్కడ చెల్లాచెదురుగా పడున్న చెప్పుల్లోంచి ముందు తండ్రి చెప్పులు ఏరి, రెండూ పక్కపక్కన పెట్టి, మడమలు సమానంగా వచ్చేదాకా వేలితో సరిచేసింది. తర్వాత నానమ్మవి, తర్వాత పెద్దాయనవి. నానమ్మ మురిసిపోయి, చూడుండ్రి మా మనవరాలు ఎంత బుద్ధిమంతురాలో అని గేటు దగ్గరివాళ్లకు చూపించింది. పెద్దమనిషి కూడా ముచ్చటపడి పిల్లను దగ్గరికి పిలిచి తల నిమిరాడు.

“ఎవరు నేర్పిండ్రు బిడ్డా నీకు ఇట్ల పెట్టాలని?”

“వంకరుంటే డాడీ అమ్మను కొడతడు గద తాత. గందుకే సక్కగ పెడుతున్న.”

ఆ మాట అని మళ్లీ మెట్ల దగ్గరికి పోయి, మిగిలిన జత సరిచేయసాగింది. ఆ సారు నవ్వు తెచ్చుకుని, ఎవరో నేర్పించి పెట్టారు పిల్లకు అన్నాడు. పెద్దమనిషి ఆయన ముఖం చూడలేదు. లేచి, పిల్ల సర్దిన తన చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్లకు వేసుకోకుండానే గేటు దాటి వెళ్లిపోయాడు. ఎస్సై గొంతు మార్చి, కోర్టు తేల్చేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉంటుందని చెప్పి, సారును మొదటిసారి ‘ఏయ్, నడువు’ అన్నాడు. ఆ తల్లి నా భుజంమీద పడి ఏడ్చిన ఏడుపుకు నా చీర తడిసిపోయింది.

ఇక్కడితో ఆపితే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ ఎదురింటావిడ సంగతి చెప్పాలి. ఆ పిల్ల మాట విని ఆవిడ గేటు దగ్గర కొంగుతో కళ్లొత్తుకుంది, నేను చూశాను. ఆ తడి కళ్లతోనే సాయంత్రానికల్లా సందులోవాళ్లను వెంటబెట్టుకుని ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లింది. ఆ తల్లి పాపం మంచిదేనట, జరిగింది అన్యాయమేనట, కానీ రేపు ఇంకో మొగుడు కత్తి పట్టుకుని వస్తే మా పిల్లల గతేమిటి, అందుకని వీళ్లను ఖాళీ చేయించండి అని అడిగారట. కత్తి పట్టుకొచ్చేవాణ్ని ఆపాలని ఒక్కరికీ తోచలేదు చూడండి. కత్తికి భయపడి వచ్చినవాళ్లను తరిమేస్తే సరిపోతుందట! ఓనరు మొహమాటపడుతూనే ఇల్లు ఖాళీ చేయమన్నాడు. గిన్నెలూ పరుపులూ ఆటోల్లోకి ఎక్కిస్తుంటే కిటికీల వెనకనుంచి చూశారేగాని, ఎక్కడికి పోతారమ్మా అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. మేం ముషీరాబాద్ అవతల ఒక ఇరుకింట్లో సర్దుకున్నాం, అక్కడా పుస్తకాలు చంకన పెట్టుకునే తిరిగాం.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారలేదనను. మెట్రో స్తంభాల మీద సాయం నంబర్లున్నాయి, స్టేషన్లలో మనలాంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే ఆడపోలీసులున్నారు, ఇంట్లో కొడుతున్నాడని చెప్పడానికి మన కాలంలో లాగా ఆడపిల్లలు నోరు నొక్కుకోవడం లేదు. మనం ఎన్ని వినీ విననట్టు ఊరుకున్నామో, ఎన్ని గోడల అవతలి ఏడుపులకు రేడియో గొంతు పెంచుకున్నామో తలుచుకుంటే ఈ కాలపు పిల్లలను చూసి సంబరంగానే ఉంటుంది. కానీ మొన్నటి మీటింగులో కూర్చున్న ముఖాలు చూస్తే, అశోక్‌నగర్ సందులో గేటు పట్టుకు నిలబడ్డ ముఖాలే గుర్తొచ్చాయి. జాలికి లోటు లేదు మనవాళ్లకు, అది ఎదురింట్లోకి కిరాయికి రాకుండా ఉంటే చాలు.

ఆ తల్లిని, పిల్లను ఆ నెలలోనే మావాళ్లు వేరే జిల్లాకు పంపించారు. ఏ ఊరో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఎవరూ నోరు జారకుండా ఉండాలంటే ఎవరికీ తెలియకూడదన్నది అప్పటి కట్టుబాటు. ఇప్పుడా పిల్ల కాలేజీకి వెళ్లే వయసుకు వచ్చి ఉంటుంది, ఏ పేరుతో చదువుతోందో. ఆ తల్లి మళ్లీ ఎప్పుడైనా వీధిలోకొచ్చి గొంతెత్తి పాడిందో లేదో. ఎక్కడున్నారో కనుక్కుందామంటే నాకు దారి లేదు. ఆ సారు ఎక్కడున్నాడో మాత్రం ఆ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు, ఇల్లు కూడా చూపిస్తారు.