పదకొండు రద్దులు, ఒక గోడ గడియారం

కోపం వస్తే ఆయన కంచం విసిరేవాడు కాదు, తలుపు దబాలున వేసేవాడూ కాదు. ట్రస్టు రద్దు చేసేవాడు.

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషిని అందరూ రద్దు బాబాయి అనేవారు. వీధిలోని గడియారాలన్నీ సరిచేసి, తన గోడ గడియారాన్ని మాత్రం పది నిమిషాలు వెనక నడవనిచ్చేవాడు. పెళ్లీ పిల్లలూ లేరు. పోయిన అన్నగారి పిల్లలు, ఒక అక్కా తమ్ముడూ ఉన్నారు. తన తర్వాత వాళ్లకే దక్కేలా రెండంతస్తుల ఇల్లు, దుకాణం, ఆ గడియారం ట్రస్టులో పెట్టాడు. రద్దుచేసే హక్కును మాత్రం భూతద్దం పక్కన, తన జేబులోనే ఉంచుకున్నాడు.

ఆ కాగితాలు రాసిన లాయరమ్మకు ఒకటే దిగులు. అక్కాతమ్ముళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు. ఈయన కన్నుమూసిన మర్నాడే వాళ్లు కోర్టుకెక్కుతారని ఆమె భయం.

ఈయనకా చింతే లేదు.

"అమ్మా, రద్దు!"

"ఇప్పుడేమైంది బాబాయిగారూ?"

"మావాడు ఫోన్లో 'ఊఁ' అన్నాడు. 'ఆఁ' అంటే నోరు పడిపోతుందా? కొత్త ట్రస్టులో గడియారం అమ్మాయికి రాయండి."

నెల తిరక్కుండా మళ్లీ గుమ్మంలో. "అమ్మాయి కాఫీలో చక్కెర మరిచింది. గడియారం వాడికే."

"దానికి ట్రస్టంతా రద్దెందుకండీ? ఒక్క సవరణ చాలు."

"చొక్కాకి మరకైతే మరకొక్కటే ఉతుకుతారా?"

పైగా ఆయన పట్టుబట్టి రాయించిన షరతొకటి: పిల్లలిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పెన్నుతో సంతకం పెడితేనే రద్దు చెల్లుతుంది. ఇలాంటి షరతు ఏ లా పుస్తకంలోనూ లేదని లాయరమ్మ తల పట్టుకుంది.

మొదటిసారి అక్క సంతకం పెట్టి, పెన్నును స్కేలుతో తమ్ముడివైపు నెట్టింది. మూడోసారి చేతికే ఇచ్చింది, మొహం కిటికీ వైపు తిప్పుకుని. అయిదోసారి పెన్ను రాయలేదు.

"గట్టిగా విదుల్చు," అంది అక్క. నాలుగేళ్లకు మొదటి మాట!

తమ్ముడు విదిల్చాడు. సిరా చుక్కలు లాయరమ్మ తెల్ల కాలరు మీద నీలిపూలై పూశాయి. ఇద్దరూ ఫక్కున నవ్వారు. బాబాయి పైకప్పు చూస్తూ, "తేదీ సరిగా వెయ్యండి," అన్నాడు.

ఎనిమిదోసారి వానలో ఒకే గొడుగు కింద వచ్చారు. పదకొండోసారి, "బాబాయికి చాదస్తం ముదిరిందే అక్కా," "చిన్నగా అనరా, వింటాడు," అని గుసగుసలాడుకుంటూ వచ్చారు. ఆయన అంతా విన్నాడు. కోపం మాత్రం రాలేదు. గడియారం ఎవరికో ఈసారి తనే రాసి, కవరులో పెట్టి అంటించాడు.

ఆ చలికాలం, ఒక మధ్యాహ్నపు కునుకులో, బాబాయి కీ అయిపోయిన గడియారంలా చప్పుడు లేకుండా ఆగిపోయాడు.

పంపకాల రోజు లాయరమ్మ ముందుజాగ్రత్తగా రెండు కుర్చీలు రెండు మూలల వేసింది. వాళ్లు వస్తూనే పాత బెంచీ మీదే కూర్చున్నారు.

"కింది వాటా అక్కకివ్వండి. మోకాళ్ల నొప్పులు."

"నోర్ముయ్, నీకే నొప్పులు. దుకాణం మాత్రం నువ్వే తీసుకో."

అరగంటలో అంతా అయిపోయింది. అయినా ఇద్దరూ లేవలేదు.

"ఇంక రద్దులేమీ లేవా అండీ?" తమ్ముడు పెన్ను మూతతో ఆడుకుంటూ అడిగాడు.

లాయరమ్మ కవరు చింపింది. "గడియారం లాయరమ్మకు. పదకొండుసార్లు ఆవిడ కాలం తినేశాను. కీ మాత్రం పిల్లలదే. వారానికోసారి ఇద్దరూ వచ్చి తిప్పాలి. ఒక్కరే వస్తే చెల్లదు."

ఇప్పుడా గడియారం ఆమె గోడ మీద ఉంది. ప్రతి శనివారం సాయంత్రం దాని కింద ఒకటే గోల.

"ఎక్కువ తిప్పావురా!"

"పోయినవారం నువ్వు తక్కువ తిప్పావుగా!"

అది ఇప్పటికీ పది నిమిషాలు వెనకే. ఆఫీసు మూసే వేళ దాటినా లాయరమ్మ దాన్నే చూపిస్తుంది.

"కూర్చోండి, ఇంకా పది నిమిషాలుంది."