భూతద్దం కార్డుకు పెట్టిన దరఖాస్తు

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్లుగా అద్దాలు అరగదీస్తున్న మనిషిని ఆ వీధిలో అందరూ భూతద్దం అంటారు. అది చేసే పనిని బట్టి వచ్చిన పేరు కాదు. ఏ కాగితం చేతికొచ్చినా పెద్ద అక్షరాలు వదిలేసి, అడుగున చీమ తలకాయలంత ఉన్నవాటి దగ్గర మొదలుపెట్టడం అతని అలవాటు. ఒకసారి దగ్గుమందు సీసాతో వచ్చిన కాగితం చదివి, అందులో రాసిన బాధలన్నీ తనకు ఉన్నాయని రెండు రోజులు పని మానేశాడు.

అతను ఒకరోజు బ్యాంకు నుంచి రంగుల పుస్తకం ఒకటి తెచ్చాడు. వాళ్ల క్రెడిట్ కార్డుతో ఏది కొన్నా పాయింట్లు వస్తాయట, అవి పోగైతే బహుమతులిస్తారట. ముప్ఫై రెండో పేజీలో బైనాక్యులర్స్ బొమ్మ ఉంది. బతుకంతా మూరెడు దూరంలో ఉన్నవే చూస్తూ వచ్చినవాడికి, దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"వాటితో ఏం చూస్తారు?" అంది భార్య. ఆమె ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి కాబట్టి పొడి పొడిగా మాట్లాడుతుంది.

"దూరం."

"దూరంలో ఏముంది?"

"చూస్తే కదా తెలిసేది."

ఆమె మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. అది ఒప్పుకున్నట్టే అనుకున్నాడు.

దరఖాస్తు నింపడానికి కూర్చున్నాక చిక్కొచ్చింది. కుటుంబ ఆదాయం ఇంతకు తగ్గకూడదని రాసుంది. అతని జీతమూ భార్య కుట్టుపని డబ్బులూ కలిపినా ఆ గీత అందలేదు. కాసేపు పెన్ను నములుతూ కిటికీ వైపు చూశాడు. కిటికీ పక్కన కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆపరేటరుగా పనిచేసి దిగిపోయింది. నెలనెలా పింఛను వస్తుంది.

"అత్తయ్యా, మీ పింఛను ఇందులో రాసుకోవచ్చా?"

"రాసుకుని ఏం చేస్తారు బాబూ?"

"ఏం చెయ్యను. ఉత్తినే రాస్తాను."

"ఉత్తినే అయితే నన్నడగడం దేనికి? ఇలా ఇవ్వండి." ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "నా సంతకం ఎక్కడ పెట్టాలి?"

"మీ సంతకం అక్కర్లేదండీ."

"డబ్బు కావాలి గానీ సంతకం అక్కర్లేదా?"

ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడే పెట్టేసింది. ఆ సంతకం "ఈ భాగంలో ఏమీ రాయరాదు" అన్న గడిలోకి వెళ్లి, దాన్ని దాటి, ఇంకో గడిలో తేలింది.

దరఖాస్తుతో పాటు ఇచ్చిన నిబంధనల పుస్తకం పద్నాలుగు పేజీలు. భూతద్దం దాన్ని మూడు రోజులు చదివాడు. చదివిందల్లా ఇంట్లో వాళ్లకూ వినిపించాడు. తర్వాత బ్యాంకుకు వెళ్లి, తొమ్మిదో పేజీలో ఒకే వాక్యం రెండుసార్లు పడిందని గుమస్తాకు చూపించాడు.

గుమస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవి ఎవరూ చదవరండీ."

"మరి ఎందుకు అచ్చు వేశారు?"

"ఎవరూ చదవకూడదనే."

దరఖాస్తు మాత్రం తీసుకున్నారు. వారం తిరక్కుండానే, పొద్దున పదకొండు గంటలప్పుడు, వివరాలు సరిచూసుకోవడానికి బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసింది. భూతద్దం పనిలో ఉన్నాడు. భార్య నోట్లో సూదులున్నాయి. అత్తగారే తీసింది.

"నమస్కారం. ఎవరు కావాలండీ? లైన్‌లో ఉండండి." ఫోన్ బల్లమీద పెట్టి, వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది. "వారు పనిలో ఉన్నారు. విషయం చెప్పండి."

"మీ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎంతమందండీ?"

"ముగ్గురం. తినేసేది ఒక్కరే."

"ఎవరండీ ఆయన?"

"ఇంటి యజమాని. మేము అద్దెకుంటున్నాం."

అమ్మాయి నవ్వాపుకుని, దరఖాస్తు నంబరు చదవబోయింది. అత్తగారు మధ్యలోనే ఆపేసింది.

"అమ్మాయీ, మాట చివర మింగేస్తున్నావు. అంకెలు ఒక్కోటీ విడివిడిగా పలకాలి. ఏదీ, మళ్లీ చెప్పు."

అమ్మాయి మళ్లీ చెప్పింది. మూడోసారికి బాగా కుదిరింది. ఇరవై నిమిషాలు సాగిన ఆ పాఠానికి పొంగిపోయి, ఆఖర్న అమ్మాయి అసలు సంగతి బయటపెట్టింది. అత్తగారి పింఛను అల్లుడి లెక్కలో కలపరట, అందుకని ఆయన దరఖాస్తు తిరిగొచ్చేస్తుందట. అయితే ఆవిడలా పింఛను ఆ బ్యాంకులోనే పడేవాళ్లకు ఆదాయం హద్దు తక్కువట. "మీరే పెట్టుకోండమ్మా, వెంటనే ఇస్తారు. అల్లుడుగారికి అదనపు కార్డు ఇప్పించొచ్చు."

సాయంత్రం ఈ మాట విన్న భూతద్దం ముఖం వాడిపోయింది. "అంటే నేను మీ కిందా, అత్తయ్యా?"

"కింద అని ఎందుకనుకుంటారు? పక్కన."

భార్యకు నవ్వొచ్చి నోట్లో సూదులన్నీ కిందపడ్డాయి. అవి వెతకడానికి ముగ్గురూ నేలమీద పాకేసరికి అతని ఉక్రోషం కాస్త చల్లారింది.

అత్తగారు దరఖాస్తు పెట్టిన పదిహేను రోజుల్లో రెండు కార్డులొచ్చాయి. తొలిసారి వాడడానికి ముగ్గురూ చెప్పుల దుకాణానికి వెళ్లారు. భార్యకు ఒక జత నచ్చింది. భూతద్దం దర్జాగా తన కార్డు తీసి ఇచ్చాడు. రహస్య నంబరు నొక్కమన్నారు. రెండు కార్డుల నంబర్లూ పెట్టింది అత్తగారే.

"ఎవరికీ చెప్పకూడదు బాబూ. పన్నెండో పేజీలో ఉంది. మీరే చదివి వినిపించారు."

"అత్తయ్యా, ఈ కార్డు నాదండీ."

"నంబరు నాది. అటు తిరగండి."

అతను తిరిగాడు. ఆవిడ కూతుర్నీ తిరగమంది. డబ్బులు తీసుకునేవాణ్నీ తిరగమంది. వెనక వరసలో నిలబడ్డ నలుగురికీ ఆవిడ ఒకప్పటి ఆపరేటరు గొంతుతో, "దయచేసి అందరూ అటు తిరగండి" అని చెప్పేసరికి వాళ్లూ తిరిగారు. ఒక కాలికి చెప్పుతో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన కూడా గోడవైపు జరిగాడు. దుకాణమంతా నిశ్శబ్దంగా గోడను చూస్తుండగా ఆవిడ చేతిసంచి అడ్డం పెట్టుకుని నాలుగు అంకెలు నొక్కింది.

"అయ్యింది. ఇక తిరగొచ్చు."

రసీదులో ముప్ఫై ఎనిమిది పాయింట్లు పడ్డాయి. భూతద్దం అక్కడే లెక్క కట్టాడు. ఇదే వరసన కొంటూ పోతే బైనాక్యులర్స్ రావడానికి పంతొమ్మిదేళ్లు పడుతుంది.

"అప్పటికి మీకు దగ్గరవీ కనపడవు," అంది భార్య.

"అప్పుడు రెండూ కలిపి చూస్తాను."

ఆమె కొత్త చెప్పులు తొడుక్కునే బయల్దేరింది. నడిచినప్పుడల్లా అవి కిర్రుమంటున్నాయి. అత్తగారు ముందు నడుస్తూ రసీదును నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని వెనకాల వస్తున్న అతను, దాని అడుగున ఏదో సన్నగా అచ్చయి ఉండడం చూసి దీపపు స్తంభం కింద ఆగిపోయాడు. వాళ్లిద్దరూ వీధి మలుపు దాకా వెళ్లి, చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.