ఎక్కడికని అడగకూడదు

సాయంత్రం కాఫీలయ్యాక మా అత్తగారు చెప్పులు వేసుకుంటుంటే, ఎక్కడికని నేను అడగలేదు. బయల్దేరే మనిషిని అలా అడిగితే వెళ్లిన పని చెడుతుందని చిన్నప్పుడే నా వీపు మీద నేర్పారు. కాలేజీ చదువు దాన్ని చెరపలేకపోయింది. పద్ధతి ప్రకారం "దూరమా అత్తయ్యా?" అన్నాను.

"లేదు బాబూ, ఇక్కడికే."

ఆవిడ సింగపూర్ వచ్చి వారమే అయింది. ఇక్కడికే అంటే ఎందాకో కనుక్కోవాల్సింది.

జురాంగ్ ఈస్ట్‌లో మా బ్లాకులు పాతవి. రంగు వెయ్యని కాంక్రీటు, పొడుగాటి వరండాలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వీటిని మెచ్చుకుంటూ కెమెరాలతో వచ్చేవాళ్లూ ఉన్నారు. అత్తగారు మాత్రం మొదటి రోజే "గోదాముల్లో కాపురాలా?" అని ఊరుకున్నారు.

చీకటి పడింది. ఆవిడ రాలేదు. ఫోన్ చేస్తే వంటింట్లో, ఇడ్లీపిండి గిన్నె పక్కన మోగింది. అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది, ఆఫీసు నుంచి రైలెక్కానని. అమ్మేం చేస్తోందంటే నడకకి వెళ్లారన్నాను.

"ఎక్కడికి?"

"అడగలేదు."

"మంచి పని చేశారు," అంది. అభినందన కాదని అర్థమై కిందికి దిగాను.

బ్లాకు కింద స్తంభాల మధ్య జాగా పగలు పిల్లల ఆటలకి బాగుంటుంది. ఇప్పుడు ప్రతి స్తంభం వెనకా ఒక కొంగు కనిపించి, దగ్గరికెళ్తే సైకిలో, ఎవరో పారేసిన పరుపో అయ్యేది. "అత్తయ్యా" అని అరవడానికి మొదట మొహమాటపడ్డాను. రెండో బ్లాకు దాటాక మొహమాటం పోయింది. వెనక వాననీటి కాలువ ఉంది. చూడకపోతే బాగుండుననుకుంటూనే కమ్మీ పట్టుకుని వంగి చూశాను. చీలమండ లోతు నీళ్లు, అందులో ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీని చూసి అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు.

రాతిబల్ల దగ్గర కూచున్న చైనీస్ అంకుల్‌ని అడిగాను. చీర ఏ రంగన్నాడు. నాకు తెలీదు. చీరేనని మాత్రం గట్టిగా చెప్పాను. ఆయన జాలిగా చూసి, చుట్టూ చెయ్యి తిప్పాడు. "ఆల్ సేమ్ సేమ్ లా." కొత్తలో ఆయన భార్య కూడా పక్క బ్లాకులో తలుపు తట్టేదట.

అప్పుడు వెలిగింది. మోకాళ్ల నొప్పితో అత్తగారు నేల చూస్తూ నడుస్తారు. బ్లాకు నంబర్లేమో ఆకాశంలో రాస్తారు. ఆవిడకి తెలిసిన అడ్రసు ఒకటే: లిఫ్టులో ఆరు, కుడివైపు చివరి తలుపు.

పక్క బ్లాకులో లిఫ్టెక్కి ఆరు నొక్కాను. తలుపు తెరుచుకునేలోపు మొక్కని దేవుడు లేడు.

కుడివైపు చివర, తాళం వేసిన గ్రిల్ ముందు, ఎవరివో బూట్లు జత చేసి పక్కన పెట్టి, నేల మీద కూచునున్నారు. ఆకుపచ్చ చీర. కొంగు అంచు తడిసి ఉంది. నన్ను చూసి గోడ పట్టుకుని లేచారు.

"నేనొచ్చేలోపు ఇంటికి తాళమేసి ఎక్కడికెళ్లిపోయారు బాబూ?"

ఆ మాట అడగకూడదని గుర్తు చేద్దామనుకున్నాను. అది మానేసి చెయ్యి పట్టుకున్నాను.

"ఇక్కడికే అత్తయ్యా."