కంచె మీద కోక

కృపామణికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ పల్లెలో ఆమె నోటికి జడవని ప్రాణి లేదు, దుప్పులు తప్ప. మాచర్ల దాటి కొండల వారన ఉన్న ఊరు కదా, పొద్దు వాలితే చాలు, అవి మందలు మందలుగా దిగి వచ్చేవి. వాగు పక్కన ఆమెకున్న ఇరవై సెంట్ల చిక్కుడు తోటంటే వాటికి మరీ ప్రాణం. జొన్నకోత వచ్చేదాకా ఆ చిక్కుళ్ళే ఆమెకు కూడు. కాయలు ఇచ్చి జొన్నలు తెచ్చుకునేది.

భర్త దానయ్య ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. మంచె ఎక్కి వడిసెలతో రాయి విసిరితే దుప్పి మళ్ళీ వారం దాకా ఆ ఛాయలకు వచ్చేది కాదు. ఆయన పోయి మూడేళ్ళు. ఈమె కూడా వడిసెల తిప్పి చూసింది గానీ రాయి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఒకసారి పోయి మునసబు గారి గేదె కొమ్ముకు తగిలింది. ఆ రభస చెప్పుకుంటే ఇప్పట్లో తెమలదు.

తుమ్మకంప, రేగుకంప కొట్టి తెచ్చి మనిషి ఎత్తు కంచె వేసింది. చేతులు రక్తాలు కారాయి. దుప్పులు ఒక్క గంతులో దాటేవి, అడవిపందులు కిందనుంచి దూరేవి. మంగలి దగ్గర జుట్టు అడిగి తెచ్చి గట్ల మీద చల్లితే రెండు రోజులు ఆగాయి. మూడో రోజు వాన పడి ఆ వాసన కాస్తా పోయింది. మునసబు గారికి తుపాకి ఉంది గానీ, యుద్ధం పుణ్యమా అని అందులోకి మందు లేదు.

చివరికి పనిచేసింది కోకే. కట్టి విడిచిన కోకను ఉతక్కుండా, చెమట వాసనతోనే, దుప్పులు దిగే చోట కంచెకు కట్టాలి. గాలికి అది మనిషిలా కదులుతుంది, మనిషి వాసన వేస్తుంది. దుప్పి అల్లంత దూరానే ఆగి, చెవులు రిక్కించి, వచ్చిన దారిన పోతుంది. అక్కడ అందరూ చేసే పనే ఇది. కానీ అది నలభై అయిదో సంవత్సరం. యుద్ధం అయిపోయిందన్నారు గానీ గుడ్డ మాత్రం రాలేదు. రేషను కార్డు మీద ఇచ్చే గజాలు ఒంటికే చాలక ఆడవాళ్ళు చిరుగుకు చిరుగు ముడేసి కట్టుకుంటుంటే, ఇక కంచెలకు కోకలెక్కడివి? ఊళ్ళో అన్ని కంచెల మీదివీ ఊడి మళ్ళీ ఒళ్ళ మీదకు వచ్చాయి.

కృపామణికి ఉన్నవి రెండు. మాపటేళ తోటకు పోయి, పొదచాటున ఒంటి మీది కోక విడిచి కంచెకు కట్టి, కంచె మీది కోక తాను చుట్టుకుని వచ్చేది. ఉతుకన్న మాట లేదు. ఆదివారం గుళ్ళో పక్కవాళ్ళు ముక్కులు తిప్పుకునేవారు. తిప్పుకుంటే తిప్పుకోనీ, తోట నిలబడింది కదా!

డిసెంబరు చలిలో ఒక పొద్దున పోయి చూస్తే కంచె మీద కోక లేదు. సగం తోటా లేదు. పూత, పిందె, లేత తీగ, అన్నీ కొరికేసి పోయాయి. కోక గాలికి కొట్టుకుపోయిందా అంటే, ముళ్ళకు పీలికైనా మిగలలేదు. ఎవరో తీరుబడిగా ముడి విప్పి తీసుకుపోయారు.

ఇక ఆమెను పట్టగలవాళ్ళెవరు? తిన్నగా ఊరి నడుమ మూడు దారుల కూడలికి వచ్చింది. వంగి దోసెడు దుమ్ము తీసి గాల్లోకి చల్లింది. దొంగ ఎవరో తెలియనప్పుడు అలా దుమ్మెత్తి పోసి తిడితే ఆ తిట్టు వెతుక్కుంటూ పోయి తగులుతుందని అక్కడివాళ్ళ నమ్మకం.

"నా కోక తీసినోళ్ళ చేతులు పడిపోను! అది ఎవురొంటి మీదుంటే ఆళ్ళని దాంట్లోనే చుట్టి మోసకపోను!"

గుళ్ళో ప్రార్థన చెప్పే జక్కయ్య గారు అడ్డం వచ్చారు. "తప్పు కృపామణీ, ప్రభువును నమ్ముకున్నదానివి. ఈ శాపనార్థాలేంది?"

"తోట మీది గాదుగా అయ్యగారూ!" అని ఇంకో దోసెడు పోసింది.

మూడో రోజుకు కోపం కాస్త దిగింది. గోడ అవతలి ఇంటి ప్రేమమ్మ కూతురు సుందరి ఆడపిల్లను కన్నది కదా అని, మిగిలిన పాదుల్లో గుప్పెడు కాయలు కోసుకుని చూడబోయింది. బిడ్డ పిడికెడుంది. నెలలు నిండకుండానే పుట్టిందట. దానికి చుట్టిన గుడ్డకు ఎర్ర అంచు. అంచు పక్కన ముల్లు చీరిన చోట కృపామణి నల్లదారంతో తన చేత్తో వేసుకున్న కుట్టు.

పుట్టిన బిడ్డను కొత్తగుడ్డలో పడుకోబెట్టరు. కట్టి కట్టి మెత్తబడ్డ కోకలోనే చుడతారు. ఆ ఏడు ఏ ఇంట్లో ఉందని పాత కోక?

"రెండు మాట్లు ఉడకేసి ఉతికా అక్కా," అంది ప్రేమమ్మ తల ఎత్తకుండా. "పిల్ల బయటపడితే చుట్టటానికి పీలిక లేదు. నా ఒంటిదొక్కటే, అది చింపితే నేను నీళ్ళకు పోలేను. నడిరేతిరి పోయి ఇప్పుకొచ్చా. తెల్లారినాక నీకు చెబుదామని బయలుదేరా. అప్పటికే నువ్వు కూడల్లో ఉన్నావు."

"అడిగితే ఇయ్యనా ప్రేమా?"

"ఇస్తావు. అడిగే ఏళ ఏదీ?"

కృపామణి ఆ నల్లదారం కుట్టు మీద వేలు పెట్టింది. "నేను తిడతన్నప్పుడు నువ్వేడున్నావే?"

"యాడికి పోతా? లోపలికొచ్చి పిల్ల రెండు చెవులూ మూసి పట్టుకున్నా."

ఆ మాటకు కృపామణి గడప మీద కూలబడి ఏడ్చింది. చిన్నబిడ్డను, పుట్టిన పూటే ఆ పసిగుడ్డును, నోరారా పాడెక్కించింది తాను. చల్లిన దుమ్మును తిరిగి ఎలా ఎత్తుకోవడం? సాయంత్రం మళ్ళీ అదే కూడల్లో నిలబడి నలుగురినీ కేకేసింది.

"నా కోక ఎవురూ తీయలా. నేనే ఇచ్చా, ప్రేమమ్మకు. ఇచ్చి మరిచిపోయి తిట్టా. ఇచ్చినదానికి శాపం తగలదు, ఇనుకోండి!"

జనం విరగబడి నవ్వారు. ముసలితనం రాకముందే మతి పోయిందన్నారు. ఆమె పట్టించుకోలేదు. దొంగే లేకపోతే ఆ శాపానికి మనిషి దొరకడని ఆమె ఆశ.

కట్టడానికి రెండో కోక లేదు కనుక నాలుగు రోజుల్లో దుప్పులు తోటను నేలమట్టం చేశాయి. కృపామణి మునసబు గారి మిరపతోటకు కూలికి పోయింది. తోట పోయిన దిగులు కంటే ఆమెను ఆ బిడ్డ దిగులే తినేసింది. పిల్ల దగ్గినా, పాలు కక్కినా తన తిట్టే తగిలిందనుకునేది. రోజూ తెల్లవారగానే ముఖమైనా కడగకుండా గోడ పక్కకు వచ్చి నిలబడేది. పిల్ల ఏడుపు వినబడితే గాని కూలికి కదిలేది కాదు. అలా ఏడాది.

ఆ సంగతి ప్రేమమ్మకు తెలుసు. ఏ రోజైనా పిల్ల ఆదమరిచి నిద్రపోతుంటే, గోడ అవతల అడుగుల చప్పుడు వచ్చి ఆగగానే, దాని అరికాలు గిల్లి ఏడిపించేది.