అజాన్ల మధ్య అమ్మీ బడి

మా చిన్నప్పుడు... రేపల్లెలో తెల్లవారుజామున ఫజర్ అజాన్ వినిపించగానే అమ్మీ నా దుప్పటి లాగేసేది. "లే తల్లీ, బడి మొదలైంది" అనేది. ఆ బడికి గోడల్లేవు, గంట లేదు... వసారాలో ఓ చాప, దాని మీద అమ్మీ, నేను.

ఐదో తరగతి మొదట్లోనే నాకు టైఫాయిడ్ వచ్చి, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఈ ఏడాది బడికి పంపొద్దన్నారు తెనాలి డాక్టరుగారు. నా ఏడుపంతా పక్కింటి పద్మ గురించే... అది ఆరులోకి వెళ్లిపోతే నేను ఐదులోనే ఉండిపోతానని. అమ్మీ వెళ్లి హెడ్మాస్టరుగారిని బతిమాలింది.

"ఇంట్లో చదివించండమ్మా. వేసవి సెలవులయ్యాక పరీక్ష పెడతాను. నెగ్గితే ఆరులోనే కూర్చోబెడతాను" అన్నారాయన.

మా ఇంట్లో గడియారం కన్నా అజాన్ మీదే నమ్మకం. ఫజర్ తర్వాత ఖురాన్ పాఠం. ఎండెక్కాక తెలుగు వాచకం... మధ్యాహ్నం జొహర్ దాకా సైన్సు, సోషలు. అమ్మీ బియ్యం ఏరుతూనే అప్పజెప్పించుకునేది. ఓ కునుకు తీశాక, సాయంత్రం అసర్ నుంచి పొద్దుగుంకే మగ్రిబ్ దాకా లెక్కలు. ఇప్పటికీ నీరెండ పడితే నాకు ఎక్కాలు వినిపిస్తాయి...

వేసవిలో రంజాన్ నెల వచ్చింది. అసర్ అయితే చాలు, వంటింట్లో ఇఫ్తార్ సందడి... గంజి, పకోడీలు, పుచ్చకాయ ముక్కలు. ఇక పలక ఎవరికి గుర్తుంటుంది?

పండగ నెలవంక కనిపించిన సాయంత్రం అమ్మీ లెక్కల పుస్తకం తిరగేసింది. భిన్నాలు మొదలే పెట్టలేదు! "యా అల్లా! నెల లెక్కలన్నీ పకోడీల్లో కలిసిపోయాయే" అని తల పట్టుకుంది. బడి తెరవడానికి ఇంకా వారమే ఉంది.

ఏటా పండగ మర్నాడు బాపట్లలో మా నానీ ఇంటికి వెళ్లేవాళ్లం. అమ్మీ పుట్టింటి గడప తొక్కేది ఆ ఒక్కసారే. ఆ ఏడు మాత్రం "మీరు వెళ్లి రండి" అని అబ్బాని ఒక్కడినే బస్సెక్కించింది. మేమిద్దరం వంటింట్లో కూర్చుని రొట్టెలు తుంచుకున్నాం... సగం, సగంలో సగం. నాకు ఏడుపొచ్చేది. "ఏడిస్తే ఎక్కదే, తింటూ చెప్పు" అనేది.

పరీక్షలో సార్ భిన్నాలే అడిగారు. రొట్టెలు తలుచుకుని చెప్పేశాను. "వెళ్లి ఆరులో కూర్చో" అన్నారు.

పరుగున వచ్చి చెబితే అమ్మీ నాకు దిష్టి తీసి మెటికలు విరిచింది. కాసేపయ్యాక చాప చుడుతూ, "మరి రేపట్నుంచి జొహర్ దాకా నేనెవరితో మాట్లాడాలే?" అంది. నవ్వుతూనే అంది... నేనూ నవ్వేసి పద్మ దగ్గరికి పరిగెత్తాను.

మొన్న తెనాలి నుంచి మా అమ్మాయి ఫోన్లో టైం టేబుల్ పంపింది. తన పాపకి కొన్నాళ్లు ఇంట్లోనే చదువట. రంగురంగుల గడులు... నమాజు, ఖురాన్, ఇంగ్లీషు, ఆటలు. "ఏమైనా మర్చిపోయానా అమ్మీ?" అని అడిగింది. చూస్తే ముచ్చటేసింది. రేపు పాప బడికి వెళ్లిపోయాక నీకేం మిగులుతుందే అని అడగబోయి... "బాగుందమ్మా" అనేశాను.

మీకు ఇంట్లో చదువు చెప్పిందెవరండీ? మీరు బడికెళ్లాక వాళ్లకి పొద్దెలా గడిచిందో ఎప్పుడైనా అడిగారా... అడిగి ఉంటే ఇక్కడ రాయండి, చదువుకుంటాను. నాకు అడగాలనిపించేసరికి అమ్మీ లేదు.