కోర్టు సీలుకు హారతి

ఆ రోజుల్లో అన్నదమ్ముల మధ్యకు జడ్జిగారు కూడా వస్తారని నాకు తెలియదు. బడికి పోకుండా నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని. కోర్టంటే రాజుగారి కొలువులా ఉంటుందనుకునేదాన్ని (వింజామరలు కూడా ఊహించాను). ప్రత్తిపాడు పక్కన అమ్మమ్మగారి ఊళ్ళో తాతయ్య వీలునామా రాయకుండా పోయారు. పొలం దగ్గర మొదలైన మామయ్యల పేచీ చెంబులూ తపేలాల దాకా వచ్చి, పంపకం కోర్టు చేతుల్లోకి వెళ్ళింది. అమ్మమ్మకు తోడుగా నన్ను అక్కడే ఉంచారు.

కోర్టు తరఫున ఒక వకీలుగారు కమిషనర్‌గా వచ్చి ఇంట్లో సామానంతా రాసుకున్నారు. వసారా నిండా మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు. పాపం, వస్తువుకొక తుమ్ము తుమ్మారు. పూజగదిలో వెండి సీతారాములను చూసి, "ఇవీ ఆస్తే మామ్మగారూ! పంపకం తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అంటూ తలుపుకు తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క కరిగించి సీలు వేశారు. దీపం పెట్టనిదే మంచినీళ్ళయినా తాగని అమ్మమ్మ మర్నాటి నుంచి గడప ఇవతలే దీపం పెట్టేది. ముద్ద మాత్రం దిగేది కాదు. "సీతమ్మ తల్లి చీకట్లో కూర్చుంటే నాకు అన్నమెలా సయిస్తుందే?" అనేది. నాలుగు మెతుకులు కతికి లేచిపోయేది.

శుక్రవారం వచ్చింది. అమ్మమ్మ గడపకు పసుపు రాసి, అలవాటు చొప్పున తాళానికీ సీలుకీ కూడా బొట్లు పెట్టింది. నేను గంట వాయిస్తుంటే కర్పూరం వెలిగించింది. ఆవిడకు చూపు ఆనదు, హారతి బాగా దగ్గరగా ఇచ్చింది. లక్క కరిగి, కోర్టువారి ముద్ర గడప మీదికి జారింది. నేను కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాను (అంత భక్తి!).

"ఏరా, సీలు పీకేశావా?" అని అరిచాడు పెదమామయ్య.

"నాకేం పని? పొద్దున్నే ఇక్కడ తచ్చాడింది నువ్వు కదా అన్నయ్యా!" అన్నాడు చినమామయ్య. కోర్టుకెక్కాక వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

కబురందుకుని కమిషనర్‌గారు పరుగున వచ్చారు. "కోర్టు సీలుకు హారతేంటి మామ్మగారూ!"

"సీలుకెందుకిస్తాను నాయనా? రాముడికిచ్చా. మధ్యలో అది తగిలించింది మీరేగా!"

ఆయన నవ్వు ఆపుకోబోయి తుమ్మారు. లోపలివన్నీ సరిచూసుకుని, జరిగింది జరిగినట్టు జడ్జిగారికి రాశారు. ఆ జడ్జిగారు చల్లగా ఉండాలి, కొత్త ఉత్తర్వు ఇచ్చారు: తలుపుకు రెండు తాళాలు, కొడుకులకు చెరొక తాళంచెవి. రోజూ పొద్దున్నే ఇద్దరూ వచ్చి తలుపు తీయాలి, తల్లి దీపం పెట్టుకున్నాక ఇద్దరూ కలిసే మూయాలి.

అలా మామయ్యలిద్దరూ కోర్టు ఆజ్ఞ మీద భక్తులయ్యారు. తలస్నానం చేసి, ఎడమొహం పెడమొహంగా నిలబడేవారు. కొన్నాళ్ళకు పులిహోరలో ఉప్పు తగ్గిందని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ తర్వాత మిరప తోటకు పట్టిన ముడత తెగులు మీద మాటలు కలిశాయి. అమ్మమ్మ కంచంలో అన్నం పెరిగింది.

నేనేమో కేసు త్వరగా తేలిపోవాలని రోజూ తులసి చుట్టూ ప్రదక్షిణలు చేసేదాన్ని. తేలిపోయింది. ఎవరి వాటా వాళ్ళకు వచ్చింది. విగ్రహాలను అమ్మమ్మ దగ్గరే ఉంచి తాళాలు తీసేశారు. సంబరంగా వెళ్ళి ఆ కబురు ఆవిడకు చెప్పాను.

"అప్పుడే అయిపోయిందటే?" అంది అమ్మమ్మ.

మర్నాడు పొద్దున దీపం దగ్గర మేమిద్దరమే ఉన్నాం.

ఇప్పటికీ దీపం వెలిగించినప్పుడల్లా స్వామికొకటి, పేరు తెలియని ఆ జడ్జిగారికొకటి దణ్ణం పెట్టుకుంటాను. తడి పరికిణీతో తులసి చుట్టూ అంత నిష్ఠగా తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. దాని మొర దేవుడు కాస్త ఆలస్యంగా విని ఉంటే ఎంత బాగుండేది!