కుడికాలి చెప్పు అడిగిన మధ్యాహ్నం

మా మేనత్త పోయింది. నాలుగు రోజులు జ్వరం పడి, మంగళవారం పొద్దున రెండు గుక్కలు గంజి తాగి, "ఇంక చాల్లే" అని గిన్నె పక్కకు జరిపి గోడవైపు తిరిగి పడుకున్నదట. గిద్దలూరులో నేను చదువు చెప్పే మిషను బడికి కబురు వచ్చింది. నేను ఊరు చేరేసరికి ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు.

మూడోనాడు మునసబు కొడుకు ఊరి బయట ఉన్న మా పాలేనికి వచ్చాడు. పలకరించడానికనుకున్నాను. గడప దాకా రాలేదు. బాట మీదే నిలబడి, "పంతులమ్మా, నువ్వు పత్రికలకు రాస్తావంట గదా. మా నాయన పెద్దోడైనాడు. ఆ పాత సంగతులు ఎత్తొద్దు," అన్నాడు.

ఆ మాట అనకపోతే నేను ఏడ్చి ఊరుకునేదాన్నేమో. అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

మా అత్త పెళ్లయిన ఏడాదికే భర్తతో రంగూనుకు పోయింది. ఆయన బియ్యం మిల్లులో కూలి. వాళ్ల గది పక్కన ఒక చీనా ముసలమ్మ ఉండేదట. ఆ ముసలమ్మ రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబడి, ఎక్కడా తొందరపడకుండా చేతులూ కాళ్లూ కదిలిస్తూ ఒక సాధన చేసేది. అత్త మొదట చూసి నవ్విందట. తరువాత పక్కన నిలబడి నేర్చుకున్నది. రంగూను మీద బాంబులు పడ్డాక అందరితో పాటు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చింది. మామ దారిలోనే పోయాడు. అత్త ఇల్లు చేరేనాటికి రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లూ ఊడిపోయి ఉన్నాయి. అవి మళ్లీ రాలేదు.

ఆ చలికాలమే వాగు గట్టు మీద ఆ సాధన మొదలుపెట్టింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు "నిదానం". ఒక కాలి మీది బరువును రెండో కాలి మీదికి, కుండలో నీళ్లు ఇంకో కుండలోకి వంచినట్టు ఒంపేది. పాలెంలో ఆడవాళ్లు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆమెకు పట్టలేదు. ఆమె బాధంతా కాళ్ల గురించే. నల్లమల గాలి, తడిసిన గడ్డి, పల్లేరు ముళ్లు. ఉత్త కాళ్లతో నిలబడితే వేళ్లు మొద్దుబారిపోయేవి.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఊరంతటికీ కుట్టి, పంటల నాడు కళ్లంలో గింజలు తెచ్చుకునేవాడు. అక్క కోసం మంచి తోలు ఏరి, మడమ ఎత్తుగా ఒక జత కుట్టాడు. అత్త రెండు రోజులు తొడిగి చూసి తిరిగి ఇచ్చింది.

"ఏంది అక్కా, కరుస్తుండాయా?"

"కరవలేదు తమ్ముడూ. నీ చెప్పు నన్ను నేల మీద నిలబెట్టదు, చెప్పు మీద నిలబెడతది."

తరువాత మిషను దొరసాని పాత బూట్లు ఇచ్చింది. రబ్బరు అడుగు నేలను పట్టేసి, పాదం తిప్పితే మోకాలు మెలిపడేది. అవీ పక్కన పెట్టి, చీనా ముసలమ్మ దగ్గర చూసినట్టు తానే కుట్టుకున్నది. పాత గుడ్డలు గంజితో ఒకదాని మీద ఒకటి అంటించి, ఎండబెట్టి, పలక అంత గట్టిగా అయ్యాక, గింజ పట్టే సందు లేకుండా పురికొసతో కుట్టేది. నాకు కూడా ఒక జత కుట్టింది. వేళ్లు లోపల విప్పారాలి, మడమ ఎత్తు ఉండకూడదు, చలికి గుడ్డ చుట్టుకోవడానికి కాస్త వదులుండాలి, కింద రాయి ఉంటే రాయి అని తెలియాలి. ఈ నాలుగూ నాచేత అప్పజెప్పించేది. నా జీవితంలో నేను సరిగ్గా నిలబడడం నేర్చుకున్నది ఆ గట్టు మీదే.

ఒకరోజు ఉప్పు కోసం ఇద్దరం పెద్ద వీధిలోని దుకాణానికి పోయాం. పాలెం వాళ్లు ఆ వీధి మొదట్లోనే చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి. అత్త విడవలేదు. మరిచిందో, కావాలనో నేను ఎప్పుడూ అడగలేదు. ఉప్పు కొని తిరిగి వస్తుంటే మునసబు తన ఇంటి అరుగు మీద ఉన్నాడు.

"ఏమే, రంగూను దొరసానీ! ఈ వీధి నీ మొగుడు ఏయించినాడా?"

చెప్పులు విప్పించాడు. నెత్తిన పెట్టించాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. ఉప్పు మూట పట్టుకొని నేను వెనకాల నడిచాను. మిట్టమధ్యాహ్నం. చప్పట్లు కొట్టినవాళ్లు పదకొండు మంది. పేర్లన్నీ నాకు తెలుసు. ఇవాళ రాయడం లేదు. వాళ్లు దీన్ని చదివి, ఎప్పుడు రాస్తానో అని చూస్తూ ఉండాలి.

ఇంటికి వచ్చి నేను పళ్లు కొరుకుతుంటే అత్త అన్నది: "కోపం చలిమంట లాంటిది అమ్మాయ్. కట్టెలన్నీ ఒక్కసారే ఏస్తే నిలవదు. పుల్ల పుల్లగా ఏసుకోవాల."

రెండేళ్లు అలాగే పుల్లలు వేసుకున్నది. మునసబుకు చక్కెర జబ్బు పట్టింది. అరికాళ్లు మండేవి, పుండ్లు పడేవి. పొద్దున్నే మెత్తటి చెప్పులతో నడవమని మార్కాపురం డాక్టరు చెప్పాడు. నాయన కుట్టిన తోలు చెప్పులు ఎంత మెత్తగా చేసినా ఒరుసుకున్నాయి. చివరికి, "మీ అక్కతో గుడ్డవి కుట్టించు" అని నాయనకు కబురు పెట్టాడు. అత్త కొలత తీసుకొని వారం రోజులు కుట్టింది. ఎడమకాలిది నాయన చేతికి ఇచ్చింది.

"రెండోదో?"

"కుట్టినా. నా దగ్గరే ఉండాది. నన్ను నడిపించిన వీధిలో నిలబడి అడగమను, ఇస్తా."

నాయన భయపడుతూనే ఆ మాట చేరవేశాడు. మరునాటి నుంచి మా ఇంట్లో ఎవరినీ కూలికి పిలవలేదు. కళ్లంలో గింజలు ఆపేశారు. ఆ క్రిస్మసుకు మాకు జొన్న సంకటీ, పచ్చిమిరపకాయా. నాయన ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "పిల్లల ముఖం చూసన్నా ఇయ్యి అక్కా," అని ఏడ్చాడు. "నువ్వే కుట్టి ఇయ్యి తమ్ముడూ, నేను అడ్డం రాను," అన్నది. నాయన చాటుగా ఒకటి కుట్టాడు. మూడడుగులకే పొరలు విడిపోయాయి. ఆకలిగా ఉన్న ఆ రోజుల్లో నేను కూడా అత్తను తిట్టుకున్నాను. అది ఇక్కడ దాచను.

ఎడమకాలు చల్లబడింది, కుడికాలు మండుతూనే ఉంది. నెల తిరక్కముందే ఒకరోజు తెల్లవారీ తెల్లవారకముందు మునసబు వీధి చివరకు వచ్చి అత్తకు కబురు పంపాడు. వీధిలో నరపురుగు లేదు. అత్త వెళ్లింది, నేనూ వెళ్లాను.

"ఇప్పుడు కాదయ్యా. నన్ను నడిపించింది చీకట్లోనా? పొద్దు నడినెత్తికి వచ్చినాక రా."

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. కర్ర ఎత్తుతాడేమో అనుకున్నాను. తిరిగి వెళ్లిపోయాడు. కానీ మధ్యాహ్నం వచ్చాడు. దుకాణం ముందు జనం ఉన్నారు.

"ఆ రెండోది ఇయ్యి."

"ఎవురిని అడుగుతుండావు?"

కర్ర ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నిన్నేనమ్మా," అన్నాడు.

కింద పెట్టమని కళ్లతో సైగ చేశాడు, మా వాళ్లు ఏది ఇచ్చినా నేల మీద పెట్టడమే వాడుక కాబట్టి. అత్త పెట్టలేదు. చెయ్యి చాచి పట్టుకున్నది. నిదానం చేసేటప్పుడు ఆ చెయ్యి ఎంత కదలకుండా ఉండేదో అంతే కదలకుండా ఉంది. ఆయన వచ్చి, ఆమె చేతిలోంచే అందుకున్నాడు.

ఆ సాయంత్రం, "చల్లారిందా అత్తా?" అని అడిగాను.

"సగం. నేను నెత్తిన మోసినా. ఆయన చేత్తో పట్టుకున్నాడు, అంతే గదా."

తరువాత మమ్మల్ని మళ్లీ కూలికి పిలిచారు. మిగిలిన సగం గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. పాలెంలో నవ్విన ఆడవాళ్లే ఒక్కొక్కరూ గట్టు మీదికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఆమె ఎవరినీ ఎందుకు నవ్వారని అడగలేదు. పాలెం వాళ్ల మీద ఆమెకు కోపం లేదు. ఉన్న కోపమంతా ఒక్కచోటికే దాచుకున్నది.

అత్త పోయిన మంగళవారం సాయంత్రమే మట్టి చేద్దామని పెద్దలు అన్నారు. నాయన, "రేపు మధ్యాహ్నం" అన్నాడు. మా శవాలు వాగు వెంబడి చుట్టు తిరిగి పోతాయి. శవపెట్టె భుజానికెత్తాక నాయన పెద్ద వీధి వైపు తిరిగాడు. గింజల కోసం అక్క కాళ్ల దగ్గర కూలబడిన మా నాయనే. ఎవరూ ఎందుకని అడగలేదు. వీధి పొడవునా తలుపులు మూసుకుంటూ ఉన్నాయి.

మునసబు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. సరిగ్గా అక్కడ నాయన, "దించండి, భుజం మార్చుకుందాం," అన్నాడు. దించాం. భుజాలు మార్చుకున్నాం. నాయన ఎత్తమనలేదు. ఎవరమూ కీర్తన ఎత్తలేదు. మునసబు మమ్మల్ని చూశాడు, ఇంటి తలుపు వైపు చూశాడు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. చివరికి స్తంభం పట్టుకొని లేచి నిలబడ్డాడు.

మోసేవాళ్లు వంగారు.

"ఉండండి. ఇంకొంచెం సేపు," అన్నాడు నాయన.

ఎండలో నిలబడి ఉన్నాం. పెట్టె మీద కప్పిన తెల్లగుడ్డ కొస గాలికి లేస్తూ పడుతూ ఉంది.